సున్నం పట్టని గోడ

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మంగమ్మ. కాట్రేనికోన దాటాక ఉప్పుటేరు ఒడ్డున ఉన్న పాలెం ఆమెది. పొద్దున్నే చేపల తట్టతో బస్సెక్కి అమలాపురం వచ్చి మా వీధుల్లో అమ్ముకుంటుంది. ఆ రోజు తట్ట దించి, నేను బేరం మొదలుపెట్టకముందే గుమ్మంలో కూర్చుంది.

"పెయింటరమ్మగారూ, మా అన్నమ్మ మామ్మకి మతి చలించిందేమోనండీ. కొబ్బరిచెట్టుకి సున్నం వేసి దాంతో మాటాడతందండీ."

"కొబ్బరిచెట్టుకి సున్నం వెయ్యనిదెవరే?"

"చెదలకేస్తారండీ. ఈవిడ 'రూతూ, రూతూ' అని పిల్లని పిలుస్తా వేస్తందండీ. మీ గోడకాడికి రావడం మానేసేరు. ఆవిడొక్కరే కాదండీ, ఎవరూ రావట్లేదు. మేం దాని మీద వలలారేసుకుంటన్నాం." నా మొహం చూసి, గబగబా తట్ట మీది గుడ్డ తీసింది. "కోపం తెచ్చుకోకండి. వలలకి మాత్రం భలేగా ఉందండీ మీ గోడ. నున్నగా ఉంటాది కదా, ఒక్క దారం చిక్కడదు. ఇదిగోండి, మెత్తళ్ళు చూడండి."

నేను మెత్తళ్ళు చూడలేదు. నలభై ఏళ్ళ పనిలో ఇది నాది అని నలుగురికి చూపించుకోదగ్గ గోడ అదొక్కటే అనుకుంటూ ఉన్నాను అప్పటిదాకా.

ఇప్పుడు కళ్ళకి పొర వచ్చింది, చెయ్యి వణుకుతోంది, కుంచె పక్కన పెట్టేశాను. కాలేజీల్లో బొమ్మలు నేర్చుకుని గోడల పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమంటారు. ఎవరు శాలువా కప్పారో, ఎవరు నా ఫోటో తీశారో నాకు గుర్తు లేదు. ఉన్నా మీకు పనికిరాదు. ఈ ఒక్క గోడ సంగతి చెబుతాను. ఇందులో నా తప్పులు రెండున్నాయి. వాటిని కోపం లేకుండా నాకు చూపించిన మనుషులున్నారు. అలాంటి మనుషుల మధ్య నన్ను ఉంచినందుకు ప్రభువుకి రోజూ వందనాలు చెప్పుకుంటాను.

నాన్న దగ్గర

నేను బడికి వెళ్ళలేదు. అమ్మ ఎప్పుడూ మంచంలో ఉండేది, ఇంట్లో ఒక మనిషి కావాలి. నాన్న రాజోలులో బోర్డులు రాసేవారు. చర్చి గోడల మీద వాక్యాలు, సమాధుల మీద పేర్లు, రావులపాలెంలో అరటిగెలల లారీలకి ముందు దేవుడి పేరు, వెనక పిల్లల పేర్లు. సాయంత్రం ఇంటికొచ్చి, మిగిలిన రంగుతో పాత రేకు మీద నాకు అక్షరాలు దిద్దించేవారు. అందుకని 'క' అంటే ఏమిటో తెలియకముందే దానికి నీడ ఎటు పడాలో నాకు తెలుసు. ఇవాళ్టికీ పుస్తకం చదువుతుంటే అక్షరాల పక్కన నీడలు కనిపిస్తాయి.

నాన్న నేర్పిన మొదటి పని రంగులు కలపడం అనుకుంటారు అందరూ. కాదు, గోడని నాకి చూడడం. కొత్త గోడ ముందు నిలబడగానే ఒక మూల వేలితో గీరి, ఆ పొడి నాలుక మీద వేసుకోవాలి. ఉప్పగా ఉంటే రంగు వెయ్యకూడదు. మన కోనసీమలో ఇసకెక్కడిది, నీళ్ళెక్కడివి అన్నది గోడే చెబుతుంది.

"అందరూ చూస్తుంటే గోడ నాకడమేంటి నాన్నా?" అనేదాన్ని.

"ఇప్పుడు నువ్వు సిగ్గుపడు తల్లీ, వచ్చే వర్షాలకి ఆ గోడ నీ పరువు తీస్తాది" అనేవారు.

ఆయన పోయాక ఆయన కుంచెలు, నిచ్చెన, ఈ నాలుక విద్య నాకు మిగిలాయి. అంతకన్న పెద్ద ఆస్తి నేనెప్పుడూ కోరలేదు.

ఒక్కో ఇంటికి ఒక్కో పడవ

పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన తరువాత ఆ పాలెంలో తుఫాను షెల్టరు కట్టారు. దాని పక్కనే పోయినవాళ్ళ జ్ఞాపకానికి ఒక పొడుగాటి గోడ కట్టి, బొమ్మలు వెయ్యమని నన్ను పిలిచారు.

ఆ పాలెం తలుచుకుంటే నాకు ముందు తెలుపే గుర్తొస్తుంది. ఉప్పు పేరుకున్న నేల, ఆకాశం, మడచెట్ల మీద వాలిన కొంగలు, అన్నీ ఒకే తెలుపు. ఎండలో ఏది నీరో ఏది నేలో తెలిసేది కాదు. మనుషులు దూరం నుంచి నడిచొస్తుంటే గాల్లో తేలుతూ వస్తున్నట్టుండేది. చాలాసార్లు అనుకున్నాను, పోయినవాళ్ళు కూడా ఇలాగే ఎటో నడుస్తూ ఉంటారేమో, మనకి దారి తెలియదంతే అని.

సమాధులున్నవాళ్ళకి సమాధులున్నాయి. సముద్రం తిరిగి ఇవ్వనివాళ్ళకి ఏమీ లేదు. వాళ్ళ కోసమే ఆ గోడ. ఇంటింటి అరుగు మీదా కూర్చుని పోయినవాళ్ళ గురించి అడిగాను. ఒక్కో ఇంటికి ఒక్కో పడవ, అందులో ఆ ఇంటివాళ్ళు. అలా వెయ్యాలనుకున్నాను. మంగమ్మ ఇంటి పడవలో వాళ్ళన్న ఉన్నాడు. దాని పక్క పడవ అన్నమ్మగారి ఇంటిది.

అన్నమ్మగారికి భర్త ముందే పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, రూతు. తొమ్మిదేళ్ళు. నీళ్ళు ఊరి మీదికొచ్చినప్పుడు తల్లి ఒక చేత్తో కొబ్బరిచెట్టుని, ఒక చేత్తో పిల్లని పట్టుకుంది. పిల్ల చెయ్యి జారిపోయింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ తన కుడి చేతిని ఎడమ చేత్తో మూసేశారు. ఆ చెట్టు ఉన్న వైపుకి మొహం తిప్పనని, నీళ్ళకి కూడా చుట్టూ తిరిగి వెళతానని చెప్పారు.

"పిల్లని ఎలా వెయ్యమంటారు పిన్నిగారూ?"

"నిలబెట్టి వెయ్యమ్మా. పడవలో కూచోదు మా రూతు. కూచోమంటే ఇంకా పైకి లేస్తాది."

అలాగే వేశాను. మేకుతో గోడ మీద లోతుగా గీతలు గీసి, తరువాత రంగులు నింపడం నాన్న పద్ధతి.

కాని రంగుకి ముందు చెయ్యవలసిన పని సంగతి చెప్పాలి. గోడని నాకాను. ఉప్పగా ఉంది. ఉప్పుటేటి ఇసకతో, ఆ ఉప్పునీళ్ళతోనే కట్టేశారు. పని చేయించే పెద్దమనిషికి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడు.

"ప్రారంభోత్సవానికి రోజు పెట్టేసేరమ్మా. ఆ రోజుకి బాగుంటే చాలు, వేసెయ్యండి."

వేసేశాను. అది మొదటి తప్పు. పై అధికారి తొందర మీ కుంచెలోకి రానివ్వకండి. వెయ్యనని ఆయనతో అనడానికి నాకు ధైర్యం లేకపోయింది, మీకు ఉండాలని కోరుకుంటున్నాను.

వర్షాలు వెళ్ళేసరికి రంగు పొక్కులు లేచి రాలిపోయింది. నేను సిగ్గుతో అటు వెళ్ళలేదు.

పసుపు కలిసిన చోట

నవంబరులో సమాధుల పండుగ వస్తుంది. దానికి ముందు మా వాళ్ళంతా సమాధులు శుభ్రం చేసి, గుల్లసున్నం వేసి, పండుగనాడు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ యేడు సున్నాలు వేశాక, అన్నమ్మగారు మిగిలిన సున్నం ముంతతో గోడ దగ్గరకి వచ్చారట. రంగు పోయినా నా మేకు గీతలు మిగిలే ఉన్నాయి. ఆ గీతల వెంబడి రూతు పడవని సున్నంతో నింపారట. ఆవిడని చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి ఊరంతా. మంగమ్మ వాళ్ళది హిందువుల ఇల్లు. సమాధులు, సున్నాలు వాళ్ళకి లేవు. వాళ్ళమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, ఇంట్లోంచి పసుపు తడిపి తెచ్చి కొడుకు పడవకి పూసిందట.

తరువాతి యేడు నుంచి పండుగకి ముందు నాకు కబురు పెట్టేవారు. నేను వెళ్ళి గీతలు లోతు చేసి, కళ్ళు, కనుబొమలు దిద్ది వచ్చేదాన్ని. నింపడం వాళ్ళ పని. ఎవరి పడవ వాళ్ళు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు నచ్చలేదు. సున్నం చారలు చారలుగా ఉంది. పైగా మంగమ్మ వాళ్ళ పసుపు కారి, పక్కనున్న రూతు పడవ తడి సున్నానికి తగిలి, ఆ అంచంతా ఎర్రబడింది. తుడవబోతే అన్నమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనియ్యి అమ్మాయ్. మా పిల్లకి కాళ్ళకి పారాణి పెట్టినట్టుంది."

ఆ ఎరుపు నాలుగు రోజుల ఎండకి వెలిసిపోతుంది. మళ్ళీ యేడు మళ్ళీ వస్తుంది. పండుగనాడు మసక వెలుతురులో కొవ్వొత్తులు పెడితే, గోడ మీద తెల్ల పడవలు, పచ్చ పడవలు, మధ్యలో ఎర్రటి గీతలు. గాలికి దీపాలు ఊగితే పడవలన్నీ కదిలేవి. నేను ప్రార్థన చేసుకుంటూ కళ్ళు మూసుకోకుండా చూసేదాన్ని. అంత అందం చూస్తూ కూడా, లోపల ఒక మూల నాకు సిగ్గు ఉండేది. నా రంగు నిలబడక కదా వీళ్ళు యేటేటా ఈ పాట్లు పడుతున్నారు అని.

చెరగని రంగు

ఆ సిగ్గే రెండో తప్పు చేయించింది. ఒక ఇంజనీరుగారు షెల్టరు బాగుచేయించడానికి వచ్చి గోడ చూశారు.

"ఏడాదికోసారి ఈ పులుముడేంటమ్మా? ఈసారి మెయింటెనెన్సు అక్కర్లేకుండా చేసెయ్యండి. మంచి సరుకు నేను తెప్పిస్తాను."

నా ప్రాణం లేచి వచ్చింది. ఎవరినీ అడగలేదు. పాత సున్నమంతా గీకేశాను. ఉప్పు తాగే మందు పట్టించి, పుట్టీ పెట్టి, ఎనామిల్ రంగులు వేసి, పైన మెరిసే పూత రెండుసార్లు వేశాను. నా చేతిలో అంత నైపుణ్యం ఉందని నాకే తెలియదు. అలల మీద వెలుగు వేశాను, వలల్లో ముడులు వేశాను. రూతు కళ్ళలో చిన్న చుక్క పెట్టాను. ఎటు నుంచి చూసినా ఆ పిల్ల మనల్నే చూసేది. మోకాళ్ళ మీద కూర్చుని వందనాలు చెప్పుకున్నాను, నాన్న ఉంటే చూసేవారు కదా అని ఏడ్చాను.

ఆ నవంబరులో అందరూ సున్నం ముంతలతో, పసుపుతో అలవాటు ప్రకారం వచ్చారు. గోడ దగ్గరకి వెళ్ళి తడిమి చూశారు. ఎంత బాగుంది, ఎంత బాగుంది అన్నారు. తరువాత ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. అన్నమ్మగారు వేలు సున్నంలో ముంచి, పడవ అంచున పెట్టి చూశారు. నున్నటి పూత మీద అది నిలవలేదు, చుక్కలా కిందికి జారిపోయింది. ఆవిడ గబుక్కున చీర చెంగుతో తుడిచేశారు, నా రంగు పాడవుతుందని.

"మా రూతు కళ్ళు మెరుస్తున్నాయమ్మా" అన్నారు నాతో.

ముంత నిండుగానే తిరిగి వెళ్ళింది. నేను చూశాను. చూసి కూడా, వాళ్ళకి శ్రమ తప్పించానని సంతోషపడ్డాను.

చెట్టు దగ్గర

మంగమ్మ కబురు తెచ్చేసరికి అది జరిగి మూడేళ్ళు. మర్నాడు ఆమెతోపాటే బస్సెక్కాను. గోడ చెక్కుచెదరలేదు. రంగులు నిన్న వేసినట్టున్నాయి. వలలు ఆరుతున్నాయి, ఒక మూల రొయ్యల మేత బస్తాలు పేర్చి ఉన్నాయి. అక్కడ మనిషి నిలబడిన ఆనవాలు లేదు.

అన్నమ్మగారు ఊరి చివర కొబ్బరితోటలో ఉన్నారు. చెట్టు మొదట్లో కూర్చుని, మోకాలెత్తు వరకూ సున్నం వేస్తున్నారు. ఏ చెట్టో నాకు చెప్పనక్కరలేకపోయింది. ఇన్నేళ్ళూ మొహం తిప్పని చోటికి ఆవిడని నేనే పంపించాను.

"ఇక్కడికెందుకొచ్చేరు పిన్నిగారూ?"

"మరెక్కడికెళ్ళనమ్మా?" మామూలుగానే అన్నారు. "పండక్కి అందరూ సమాధులకి వేస్తున్నారు. పిల్లకి నేనేదీ వెయ్యకపోతే ఎలా? ఇక్కడైతే సున్నం పడతంది." కుంచె కింద పెట్టి, "రాత్రుళ్ళు మాత్రం చెయ్యి లాగుతోందమ్మా" అన్నారు కుడి చెయ్యి చూసుకుంటూ.

తోట ఆసామి సత్యంగారు గట్టు మీద నిలబడి ఉన్నారు. నన్ను పక్కకి పిలిచి, ఇబ్బందిగా చెప్పారు. "తోట తీసేసి రొయ్యల చెరువు తవ్విస్తున్నామండీ. ఆయ్, ఈ వారమే. మామ్మగారికి ఎలా చెప్పాలో తెలీక మూడు రోజుల్నుంచి మిషను ఆపించేను. మీరైనా చెప్పండి."

పండుగకి అయిదు రోజులుంది. చెట్టు కూడా పోతే ఆవిడకి భూమ్మీద ఎక్కడా చోటు లేదు. నేను తడి నేల మీదే కూర్చుండిపోయాను.

"పిన్నిగారూ, గోడ నేను పాడుచేశాను. రేపు ఉలితో గాట్లు పెట్టేస్తాను."

"ఛ, అదేం మాట! అంత బాగున్నదాన్ని."

"నా రంగు తీసేస్తే సున్నం పడుతుంది."

మంగమ్మ వెనక నుంచి అందుకుంది. "మరి మా వలలెక్కడారేసుకోవాలండీ?"

"నీ మొహాన ఆరేసుకో" అన్నారు అన్నమ్మగారు. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే ఆవిడ ఒప్పుకున్నారని నాకు తెలిసింది.

సర్పంచిగారి దగ్గరకి వెళితే ఆయన తల గోక్కున్నారు. "ఊళ్ళోకి వచ్చినోళ్ళందరూ ఆ గోడకాడ ఫోటోలు దిగుతున్నారండీ. రేపెవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?"

"పెయింటరమ్మకి మతి చలించిందని చెప్పండి."

"ఆయ్, అది చెప్పగలనండీ" అన్నారు, చాలా మర్యాదగా.

ఉలి

పాత గోడకి కొత్త పూత పట్టాలంటే ఉలితో గాట్లు పెట్టాలి. తాపీమేస్త్రీలు రోజూ చేసే పనే. కాని ఆ గాట్లు నా బొమ్మల మీద. మొదటి దెబ్బ రూతు పడవ మీద వేశాను. ఉలి జారింది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది. అంత గట్టిగా వేశాను పూత! నా పనితనమే నాకు అడ్డం పడుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడో దెబ్బకి పెచ్చు లేచింది. సముద్రం, ఆకాశం, మొహాలు అలాగే ఉంచి, పడవలు మాత్రం గరుకు చేద్దామనుకున్నాను.

మధ్యాహ్నానికి చప్పుడు విని ఒక్కొక్కరే వచ్చారు. మొదట తిట్టారు. "కొత్తగా ఉన్నదాన్ని కొట్టేస్తన్నారేంటండీ, చోద్యం!" అంది ఒకావిడ. విషయం చెప్పాక ఆవిడే నా చేతిలోంచి సుత్తి లాక్కుంది. "మా పడవ మేం కొట్టుకుంటాం. మీరు జరగండి." ఇక నాకు పని లేకపోయింది. నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఈసారి పడవల మీద కొత్త పూతకి గోదావరి ఇసక, మంచినీళ్ళు, నానబెట్టిన గుల్లసున్నం. ఇసక తెచ్చిన ప్రతివాళ్ళచేతా చిటికెడు నాకించాను. ఊరంతా ఉమ్ములు, నవ్వులు.

పండుగకి ముందు రోజు గోడ తయారైంది. తయారైందంటే, పడవలన్నీ ఖాళీగా ఉన్నాయి. అన్నమ్మగారు ముంతతో వచ్చి, రూతు పడవ ముందు పీట వేసుకుని కూర్చున్నారు. కుంచె మొదటిసారి పెట్టగానే సున్నం లోపలికి ఇంకింది. ఆవిడ శ్వాస పెద్దగా వదిలారు, చాలాసేపు నీళ్ళ కింద ఉన్న మనిషిలాగ.

సగం పడవ నిండింది. అప్పుడు తోట వైపు నుంచి రంపం మిషను చప్పుడు మొదలైంది. సత్యంగారు ఇక ఆపలేకపోయి ఉంటారు. అందరం పని ఆపి ఆవిడ వైపు చూశాం. చప్పుడు సాగి, సాగి, ఆగింది. తరువాత చెట్టు నేల మీద పడిన అదురు మా కాళ్ళకి తెలిసింది.

అన్నమ్మగారి కుంచె గాల్లో ఆగి ఉంది. ఆవిడ తోట వైపు తిరగలేదు. కాసేపటికి కుంచె సున్నంలో ముంచి, పక్కకి చూడకుండానే అన్నారు.

"మంగా, నీ పసుపు కూసింత ఇటు రానియ్యవే. తడి ఆరిపోతే ఎర్రబడదు."

మంగమ్మ ఏడుస్తూనే పసుపు నీళ్ళు దోసిట్లో తెచ్చింది.

మీకు చెప్పదలచింది

ఈ పనిలోకి వచ్చే మీకు మంచి రంగులున్నాయి, మంచి చదువుంది, గోడ మీద వెలుగు పెట్టి బొమ్మ దింపే యంత్రాలున్నాయి. సంతోషం. జ్ఞాపకం కోసం కట్టిన గోడ దగ్గరకి వెళ్ళినప్పుడు మాత్రం, బొమ్మ ఎంతకాలం ఉంటుందని లెక్కవేసే ముందు, మళ్ళీ యేడు ఇక్కడ ఎవరికి ఏం పని ఉంటుందని అడగండి. ఊరిని అడగండి, పెద్దమనిషిని కాదు. గోడని నాకి చూడండి. ఆడపిల్లలు సిగ్గుపడకండి, నేను నలభై ఏళ్ళు నాకాను, ఏమీ కాలేదు. మీ పని కొంచెం అసంపూర్తిగా వదలడం చేతకాకపోతే అలాంటి పనులు ఒప్పుకోకండి. నాకు అది చేతకావడానికి చాలా యేళ్ళు పట్టింది, చేతనయ్యేసరికి కళ్ళు మసకబారాయి. అయినా ఆ ఒక్క నవంబరు చూశాను, అది చాలు.

అన్నమ్మగారు తరువాత మరి మూడు పండుగలు చూశారు. చెయ్యి లాగుతోందన్న మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదని మంగమ్మ చెప్పింది. ఆవిడ పేరు సమాధి మీద నేనే రాశాను. నేను రాసిన ఆఖరి అక్షరాలు అవి. ఆవిడ సమాధికి చర్చివాళ్ళు సున్నం వేస్తారు, లోటు లేదు.

పిల్లకి మాత్రం ఇప్పుడు ఇంటివాళ్ళంటూ ఎవరూ లేరు. ఫోటో లేదు. ఆ పిల్ల మొహం తెలిసిన తల్లి కూడా వెళ్ళిపోయింది. గోడ మీద ఉన్నది ఆ తల్లి మాటలు విని నేను వేసింది. పడవకి సున్నం మంగమ్మ వేస్తోంది, ఆమెకీ మోకాళ్ళు సహకరించడం లేదు.

మీరెవరైనా కాట్రేనికోన మీదుగా ఉప్పుటేరు వైపు వెళితే ఒక్క కుంచె వేసి రండి. అంత దూరం వెళ్ళలేకపోతే ఫరవాలేదు, ఉన్నచోటే ఒక్కసారి పేరు తలుచుకోండి. రూతు. అన్నమ్మగారి అమ్మాయి.